రెండు మోతలకు లేవని ఫోను

మా అన్న హైదరాబాద్ నుంచి వచ్చి పోయేటప్పుడల్లా ఒకటే మాట అడుగుతడు. "చెల్లే, ఆ ఫోను నీకేం పనికొస్తది? నాకియ్యరాదే, దేనికన్న వాడుకుంట" అంటడు. ఇయ్య. ఆ ఫోను నా కుట్టు మిషిను సొరుగుల, బాబిన్ల కింద ఉంటది. దానికి ఛార్జింగ్ పెట్టక ఏండ్లయింది. తీసి చూడ, పారెయ్య, ఆయనకు మాత్రం చచ్చినా ఇయ్య. ఎందుకియ్యనో మా అన్నకు తెలుసు. తెలిసి గూడ అడుగుతడు, గదే నాకు మంట.

మాది గొర్లు కాసే ఇల్లు. ఊరు కట్టంగూర్ అవతల, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాలె. నన్ను కట్టంగూర్లనే ఇచ్చిండ్రు, ఆడ్నే బట్టలు కుడ్త. మా అన్న సదువుల హుషారు, తెలంగాణ వచ్చిన కొత్తల హైదరాబాద్ల కంప్యూటర్ కొలువుల పడ్డడు. ఊర్ల అమ్మ, నాయిన. ఎండకాలం యాసంగి వరికోతలు కాంగనే నాయిన మందను తోలుకొని సాగర్ కాలువ దిక్కు, హాలియా మిర్యాలగూడ పొలాలల్లకు పోతడు. కోసిన మళ్లల్ల గొర్లు మేస్తయి. పొద్దుగూకితే ఎవరి మడిల మందను పండవెడితే ఆ మడికి ఎరువు, ఆ రైతే ఇంత బువ్వ పెడ్తడు. ఇయ్యాల ఈడుంటే రేపు ఏడుంటడో ఆయనకే తెల్వది. వానలు పడ్డంకనే మల్ల ఇంటికి.

గసొంటి మనిషికి ఏదన్న చెప్పాల్నంటే ఫోనే దిక్కు. గని నాయినకు ఫోన్ల మాట్లాడుడు రాదు. కొండల మీద గొర్లను పిలిస్తే ఊరంత ఇనవడే గొంతు, ఫోను చెవుకాడ పెట్టంగనే పెగలది. "ఆఁ, ఆఁ" అంటడు, పెట్టేస్తడు. అందుకని కాల్ కు పైసలు పడే దినాలల్ల అమ్మ ఒక లెక్క పెట్టింది. ఒక్క మోత మోగిచ్చి కట్ చేస్తే 'మంద పండింది, మంచిగున్న' అన్నట్టు. రెండు మోతలైతే 'ఇంటికి రా' అన్నట్టు. ఎత్తుడు లేదు, మాట్లాడుడు లేదు.

ఆగకుండ మోగితే మాత్రం చావు కబురు. నాయినను కన్న మా అవ్వ పోయిన్నాడు నాయిన ఫోను గట్లనే మోగి మోగి తనంతల తనే ఆగిందట. ఆయన ఎత్తకుంటనే కర్ర పట్టుకొని బయలెల్లిండట. అప్పటిసంది మా ఇంట్ల బతికున్న మనిషి కోసం ఎవ్వలం గట్ల మోగియ్యం. కాల్స్ ఫిరీ అయినంక గూడ గీ లెక్క పోలె. ఊర్ల నవ్వేటోళ్లు, "గింత పీనాసితనమా" అని. నవ్వనీ, మాకు నడిచింది. అమ్మ రెండు మోతలిచ్చిందంటే తెల్లారేసరికల్లా నాయిన దొడ్డికాడ నిలవడేటోడు. ఒక్కనాడు తప్పలె.

కరోనాల మా అన్న ఊరికొచ్చి ఇంట్లకెల్లే పని చేసుకున్నడు. ఆయనకొక పిచ్చి ఉండె, లినక్స్ అంట. అదేందన్నా అంటే, కంప్యూటర్‌ను నడిపిచ్చేదట, ఏ ఒక్కని సొత్తు కాదట, ఎవ్వలన్న లోపల ఏముందో చూడొచ్చు, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చునట. అరచేతంత బోర్డు ఒకటి తెచ్చిండు. డబ్బా లేదు, మూత లేదు, పచ్చగ ఒట్టి బిల్ల. ఫోన్లల్ల ఉండే అసొంటి ఆర్మ్ చిప్పే దాంట్ల ఉంటదట, అందుకనే సస్త, తక్కువ పైసలకే వస్తదట, కరెంటు గూడ జరంతనే తాగుతదట. దాన్ని అమ్మోళ్ల టీవీకి తగిలిచ్చిండు. బడులు బందుండె, నేను బిడ్డను తీస్కొని ఆడ్నే ఉంటి. ఊరంత పిల్లలు ఒక్క ఫోను కోసం కొట్లాడుకుంటుంటె నా బిడ్డ టీవీ ముందల కూసొని బడి పాఠాలు విన్నది, బొమ్మలు గీసింది, టైపు కొట్టుడు నేర్సుకుంది. దసరకు అమ్మ ఆ బోర్డుకు నీళ్లల్ల కలిపిన పసుపు పెట్టవోతే మా అన్న అరుసుకుంట ఉరికొచ్చి ఆపిండు. అది ఇప్పటికీ నడుస్తది, అబద్ధమెందుకు చెప్పాలె. గది మంచిగ నడిచిందనే మా అన్న ఏది తెచ్చినా నమ్మినం, గా నమ్మకమే మా కొంప ముంచింది.

ఆ తర్వాత ఏడాది నాయినకు లినక్స్ ఫోను తెచ్చిండు. బయటి దేశం నుంచి తెప్పిచ్చిండట, అది గూడ సస్తనేనట. నాయిన బటన్ ఫోను అప్పటికి రబ్బరు బ్యాండు మీద నడుస్తుండె, గాయన కాదనలె. మా అన్న ఎనుక మూత ఊడదీసి లోపల చిన్న చిన్న స్విచ్చులు చూపిచ్చిండు. ఇది మైకు బందు చేస్తది, ఇది కెమెరా బందు చేస్తది అని. "మోటరు స్టార్టర్ లెక్క మంచిగుంది" అన్నడు నాయిన.

"ఇది మనది నాయినా. ఏ కంపెనోడు దీంట్లకు తొంగి చూడడు" అన్నడు మా అన్న.

"నా ఫోన్ల ఏముంది కొడుకా చూడనీకి? గొర్లు ఒర్రుడు ఇనవడ్తది, గంతే."

మేమందరం పడి పడి నవ్వినం. మా అన్న నవ్వలె. "నువ్వు ఏడున్నవో ఎవ్వనికీ తెల్వద్దు నాయినా, గది నీ హక్కు" అన్నడు. నాయిన ఏడున్నడో ఎవ్వలకు తెల్వకుండుడు మాకు కొత్త గాదు. ఎండకాలమంత అమ్మ బాధ గదే ఉండె. గని సదువుకున్నోడు చెప్తుంటె ఎవలు నడుమ మాట్లాడ్తరు?

ఫోన్ల నాలుగు బొమ్మలు పెట్టిండు. అమ్మది, నాది, తనది, మా చిన్నాయినది. బొమ్మను ఒత్తితే వాళ్లకు పోతది. వాళ్లు చేస్తే అద్దం నిండ వాళ్ల బొమ్మనే వస్తది. అచ్చరాలు రాని మనిషికి గిదే మంచిదన్నడు, నిజంగనే మంచిగుండె. నాయిన బొటనవేలు కర్ర పట్టి పట్టి మొద్దువారింది, ఒత్తితే అద్దానికి తెలుస్తలేదు. చిటికెన వేలుతోని ఒత్తుడు నేర్పిండు. ఎత్తాల్నంటే మాత్రం అద్దం మీద వేలును జరపాలె, గది నాయినకు రాలె. "ఎత్తేదేముంది, మనకు మోతనే గద" అన్నది అమ్మ.

మా అన్న పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి తన ఫోను నుంచి చేసి చూసిండు. మోగింది. గట్టిగనే మోగింది. ఆఖరికి నాయినను గొర్ల ముందల నిలవెట్టి, ఫోను చేతుల పట్టిచ్చి ఫోటో దించిండు. దాన్ని వాళ్ల లినక్స్ దోస్తుల గుంపుల పెట్టిండు. సదువు లేని గొర్లకాపరి లినక్స్ ఫోను వాడ్తున్నడని ఏడేడి దేశాలోళ్లో మెచ్చుకున్నరట. అవన్ని అమ్మకు చూపిచ్చిండు. అమ్మ మురిసింది. నేను గూడ మురిసిన, ఏం చేస్త.

ఎండకాలం వచ్చింది. ఎప్పుడు నాయినతోని జోడుగ పోయే చిన్నాయిన బండి మీదికెల్లి పడి కాలు ఇరగ్గొట్టుకొని ఇంటికాడ్నే ఉండె. నాయిన ఒక ముసలాయన్ని తోడు తీస్కపోయిండు. ముసలాయనకు ఫోను లేదు. పొద్దుగూకంగ అమ్మ ఫోనుకు నాయిన నుంచి ఒక్క మోత వస్తుండె. ఏ రైతు మోటరు కాడనో ఛార్జింగ్ పెట్టుకొని, చిటికెన వేలుతోని ఒత్తేటోడు. మోత వచ్చిందంటే అమ్మ "మంద పండింది" అని లేచి బువ్వ పెట్టుకునేది. ఫోను మంచిగ పనిచేస్తుందనే అనుకున్నం. ఎందుకనుకోం? దినాం వస్తుండె గద.

అమ్మకు కామెర్లయినయి. కండ్లు పచ్చబడ్డా నాకు చెప్పలె, ఊర్లనే ఎవలో ఇచ్చిన ఆకు పసరు తాగుకుంట కూసుంది. నేను పోయి చూసేసరికి మనిషి లేవనీకి లేదు. తిట్టుకుంట, ఏడ్సుకుంట నల్లగొండ దవాఖానకు తీస్కపోయిన. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, లివర్ మొత్తం పాడైంది, మీవోళ్లను పిలిపిచ్చుకోండ్రి అన్నది. మంచంకాడికి వచ్చిన నా మొఖం చూసి అమ్మకు సమజైంది. ఏడ్వలె.

"మీ నాయినకు రెండియ్యి బిడ్డా. వాన్ని మాత్రం ఇప్పుడే పరేషాన్ చెయ్యకు, మీ నాయిన వచ్చినంక చెప్దాం" అన్నది. వాడంటే మా అన్న.

ఇచ్చిన. అమ్మ ఫోనుతోనే ఇచ్చిన. నా చెవుల ట్రింగు, ట్రింగు అని రెండు ఇనవడ్డయి, కట్ చేసిన. ఈడ ఇనవడితే ఆడ మోగిందనే అనుకుంటం గద, ఎవలమైనా.

పొద్దుగూకంగ నాయిన నుంచి ఒక్క మోత వచ్చింది. అమ్మ పాణం కుదుటపడ్డది. "మందను పండవెట్టిండు. ముసలాయనకు అప్పజెప్పి పొద్దుగాల బయలెల్తడు" అన్నది. మా రెండిటికి గదే జవాబనుకుంది. నేను గూడ గట్లనే అనుకున్న. తెల్లారింది, నాయిన రాలె. మందను అప్పజెప్పుడు కుదరలేదేమో అనుకున్నం. మల్ల రెండిచ్చిన. మల్ల పొద్దుగూకంగ ఒకటి వచ్చింది. మల్ల తెల్లారింది.

అమ్మ వార్డు తలుపు దిక్కే మొఖం పెట్టి పండుకునేది. ఎవ్వల చెప్పుల సప్పుడైనా "మీ నాయిననా?" అనేది. ఆమెకు కావాల్సింది గదొక్కటే. సూదులు గుచ్చినా ఏమనలె, నీళ్లు తాగుమంటే తాగింది. ఒక్కసారి ఆయన మొఖం చూస్తే చాలు, తర్వాత ఎట్లయినా కానీ అన్నది. పక్క మంచమామె "మీ ఆయనకు గంత కష్టమా రానీకి?" అంటే అమ్మకు కోపమొచ్చింది. "వస్తున్నడు. మూగజీవాలు, ఇడిసిపెట్టి ఉరికొస్తరా?" అన్నది. నాకేమో ఒకటే ఆలోచన. నాయిన గింత నిర్లక్ష్యం చెయ్యడు, మరి ఎందుకు రాడు అని.

మా ఇంటాయన బండి తీస్కొని హాలియా దిక్కు పోయిండు. కాలువ పొడుగూత మందలే. ఏ మందకాడ ఆపి అడిగినా "మొన్న ఈడ్నే ఉండె" అంటరట. నాకు ఓపిక పోయింది. "అమ్మా, ఇగ ఆగకుండ మోగిస్త" అంటి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గంత బలం ఏడికెల్లి వచ్చిందో ఏమో!

"నేను బతికుండంగనే చావు మోత మోగిస్తవా? ఆయన ఆడ గుండె పగిలి సస్తడు. వద్దు. రెండే ఇయ్యి" అన్నది.

రెండే ఇచ్చిన.

మా అన్నకు ఇంగ దాచేది లేదని చెప్పిన. "నాయినకు చెప్పిండ్రా?" అని అడిగిండు. "రెండిచ్చినం, వస్తున్నడు" అంటి. సరే అని కారు తీసిండు. ఆయన చిట్యాల దాటుతున్నప్పుడు అమ్మ పోయింది. పోయే ముందు "వచ్చిండా?" అన్నది. "గేటుకాడ ఉన్నడమ్మా" అంటి. ఆమె నమ్మిందో లేదో నాకు తెల్వది.

అప్పుడు అమ్మ ఫోను తీసి ఆగకుండ మోగిచ్చిన. ఇగ నా చెయ్యి ఎవలు పట్టుకుంటరు? మోగింది, మోగింది, తనంతల తనే ఆగేదాంక చెవుకాడికెల్లి తియ్యలె. నాయిన ఎత్తలె.

అమ్మను ఊరికి తీస్కపోయి వాకిట్ల పండవెట్టినం. టెంటు వేసిండ్రు, డప్పులు వచ్చినయి, ఊరంత ముంగటనే ఉంది. పొద్దు వాలంగ నాయిన వచ్చిండు. ముంగటికెల్లి రాలె. గొర్లకాపరి ఇంటికి ముంగటికెల్లి రాడు, ఎనుక దొడ్డికెల్లే వస్తడు, కాళ్లకు అదే అలవాటు. నేను దొడ్డికాడ తొట్టిల నీళ్లు ముంచుతున్న. భుజం మీద గొంగడి, చేతుల కర్ర, కాళ్లకు మోకాళ్లదాంక దుమ్ము. డప్పుల సప్పుడు ఇనుకుంటనే వచ్చిండు, గని ఉరుకుతలేడు. నన్ను దాటి వంటింటి తలుపుకాడ నిలవడి లోపలికి తొంగి చూసిండు.

"ఏమే, ఎవలే పోయింది?" అన్నడు.

వంటింట్ల ఎవ్వలు లేరు. "ఏమే, నిన్నే" అని మల్ల పిలిచిండు. నా చేతులకెల్లి చెంబు జారింది. ఆ సప్పుడుకు మర్లి నా మొఖం చూసిండు. చూసినంక వాకిట్లకు నడిచిండు. అమ్మను గట్ల ఎందుకు పిలిచిండో నాకు అప్పుడు సమజ్ కాలె. దారిలనే మతి తప్పిందేమో అనుకున్న.

దినాల నాడు చుట్టాలు తిని పోయినంక మా అన్నను నిలదీసిన. "దవాఖానకెల్లి ఎన్నిసార్లు రెండిచ్చిన! నాయిననేమో ఆ రెండు ఒక్కసారి గూడ మోగలేదంటున్నడు. చెప్పు, ఎందుకు మోగలె?" అంటి. మా అన్న నాయిన ఫోను తీసి మంచం మీద పెట్టి, జరసేపు ముట్టొద్దన్నడు. అద్దం నల్లగయింది. "ఇప్పుడియ్యి" అన్నడు. అమ్మ ఫోనుతోని రెండిచ్చిన. నా చెవుల ట్రింగు, ట్రింగు. మంచం మీద ఫోను పీనుగ లెక్క పడి ఉంది. మల్ల ఇచ్చిన. గంతే. మా అన్న చెమటలు తుడుసుకున్నడు.

అప్పుడు చెప్పిండు. గా ఫోను బ్యాటరీ గుంజకుండ నిద్రపోతదట. కాల్ వస్తే లోపల ఉన్న మోడెమ్ దాన్ని లేపాలె, లేచి మోగేటందుకు జర టైం పడ్తదట. అది లేచేలోపల్నే కట్ చేస్తే మోగదట, అద్దం మీద అచ్చరాలల్ల ఏదన్న పడ్డా నాయినకు సదువరాదు. మా అన్న చూసినప్పుడల్లా మోగేదాంక ఆగి చూసిండు, అందుకనే మోగింది. మేము రెండిటికే కట్ చేస్తం. గీ రెండు మోతల లెక్క ఎవల ఇంట్లదో కాదు, ఆయనను కన్నతల్లి పెట్టింది. సదువుకునే దినాలల్ల ఆయన గూడ రెండిచ్చే నాయినను పిలిపిచ్చుకున్నడు. గది మర్చిపోయిండు. దునియల అందరి హక్కులు యాదికుంటయి, ఇంట్ల రెండు మోతలు యాదికుండయి.

"ఇంకొంచెంసేపు మోగియ్యాల్సింది చెల్లే" అన్నడు.

ఇగ నా నోరు ఆగలె. "చావు మోతకు తప్ప లేవని ఫోను తెచ్చి, తప్పు నా మీద వేస్తవా? నీకు స్వేచ్ఛ కావాలె, మాకు మోత కావాలె. కంపెనోడు తొంగి చూడకపాయె, కట్టుకున్నది పిలిస్తే గూడ ఇనవడకపాయె! దానికంటె రబ్బరు బ్యాండు ఫోనే నయం, మా అమ్మకు మొగని మొఖం చూపిచ్చేది" అంటి. చుట్టుపక్కలోళ్లు గోడ మీదికెల్లి చూస్తుండ్రు. చూడనీ. మా అన్న తల వంచుకొని ఏడ్సిండు. ఏడ్సినంక ముక్కు తుడుసుకొని, మెల్లగ, "కొత్త వెర్షన్ల గది సరిచేసిండ్రట" అన్నడు. గా మాట నేను సచ్చేదాంక మర్వ. గొర్ల ముందల నాయిన దిగిన ఫోటో గూడ ఆ గుంపుల ఇప్పటికీ ఉందట.

"మీరు మోగదంటున్నరు గద, ఆగితే మోగుతది, చూడుండ్రి" అని మా అన్న అమ్మ ఫోను నా చేతులకెల్లి తీసుకొని తనే చేసిండు. కట్ చెయ్యకుండ ఆగిండు. జరసేపటికి మంచం మీద అద్దం వెలిగింది. నిండ అమ్మ బొమ్మ వచ్చింది. దసరకు కట్టిన కొత్త చీర, నోటి నిండ నవ్వు. ఫోను గట్టిగ మోగుడు షురూ చేసింది.

నాయిన అప్పటిదాంక గోడకు ఆనుకొని కూసున్నడు. లేచి వచ్చి ఫోను చేతులకు తీసుకున్నడు. మోగుతనే ఉంది. బొమ్మ మీద చిటికెన వేలు పెట్టబోయి, పెట్టలె.

"ఆనాడు గూడ గిట్లనే వచ్చింది" అన్నడు. "ఆగకుండ మోగితే చావు కబురని తెలిసింది. గని చేసేది మీ అమ్మ గద, బొమ్మ ఆమెదే గద. ఎవలు పోయినా ఆమె మంచిగనే ఉంది అనుకున్న బిడ్డా. దారి పొడుగూత నిమ్మలంగనే వచ్చిన."